హృదయ స్పందన వ్యత్యాసం: దూరపు పరుగు శిక్షణలో దాని వినియోగం

వరుసగా వచ్చే గుండె చప్పుళ్ల మధ్య వ్యవధి కొద్దికొద్దిగా మారుతూ ఉండడాన్ని హృదయ స్పందన వ్యత్యాసం అంటారు. రన్నర్లు, కోచ్‌లు దీన్ని హెచ్‌ఆర్‌వి అంటారు. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె గోడ గడియారంలా సెకనుకొకసారి కొట్టుకోదు. ఒక వ్యవధి 970 మిల్లీసెకన్లుంటే దాని తర్వాతిది 1,030 ఉండవచ్చు. ఆరోగ్యంగా, విశ్రాంతిగా ఉన్నవారిలో ఈ తేడాలు ఎక్కువ. అలసట, జబ్బు, ఆందోళన ఉన్నప్పుడు సాధారణంగా తగ్గుతాయి. దీని ఆధారంగా దూరపు పరుగు శిక్షణను రోజువారీగా మలచుకునే పద్ధతికి తొలి ప్రయోగాలు 2000ల దశకంలో ఫిన్లండ్‌లో జరిగాయి. నెల ముందే రాసిపెట్టుకున్న షెడ్యూలును గుడ్డిగా పాటించకుండా, శరీరం కష్టమైన పరుగుకు సిద్ధంగా ఉందో లేదో చూసుకుని ఆ రోజు పని నిర్ణయించుకోవడం దీని సారాంశం. ఈ పద్ధతి రన్నరు చేత ఎక్కువ పని చేయించదు, కష్టమైన పనిని అనువైన రోజుకు జరుపుతుంది. ప్రయోగాల ఫలితాలను, పరికరాలు చూపే అంకెలను ఈ కోణం నుంచి చూస్తేనే సరిగ్గా అర్థమవుతాయి.

శరీరధర్మ నేపథ్యం

గుండె కుడి కర్ణికలోని సిరాకర్ణికా కణుపు నాడుల ప్రమేయం లేకుండానే నిమిషానికి సుమారు 100 సార్లు విద్యుత్ ప్రేరణను పుట్టించగలదు. విశ్రాంతి వేళ ఆ వేగం 60కో 70కో దిగుతోందంటే వేగస్ నాడి దాన్ని అదుపులో ఉంచుతోందని అర్థం. ఏళ్ల తరబడి సాధన చేసిన రన్నర్లలో అది 45 దాకా కూడా దిగవచ్చు. అందులో కొంత భాగం కణుపు సొంత వేగం తగ్గడం వల్ల వస్తుంది.

స్వయంచోదిత నాడీవ్యవస్థలోని రెండు భాగాలూ గుండె వేగాన్ని మారుస్తాయి కాని, వాటి నడకలు వేరు. సహానుభూత నాడులు విడుదల చేసే నార్‌ఎపినెఫ్రిన్ ప్రభావం కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వేగస్ ద్వారా పనిచేసే పరసహానుభూత నాడుల ఎసిటైల్‌కోలిన్ ఒక సెకనులోపే పనిచేసి, అంతే త్వరగా విరిగిపోతుంది. అందువల్ల ఒక చప్పుడుకూ మరుసటి చప్పుడుకూ మధ్య వచ్చే వేగమైన మార్పు ప్రధానంగా వేగస్ పనే. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పుంజుకోవడం, వదిలినప్పుడు నెమ్మదించడం కూడా ఎక్కువగా ఈ నాడి చలవే.

కష్టమైన పరుగు తర్వాత వేగస్ ప్రభావం వెంటనే పూర్వస్థితికి రాదు. అందుకు ఎంత కాలం పడుతుందన్నది పరుగు దూరం కంటే తీవ్రత మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నార్వేలో పనిచేస్తున్న అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. బాగా తర్ఫీదైన క్రీడాకారులు మొదటి శ్వాస అవధికి దిగువన, అంటే హాయిగా మాట్లాడుతూ పరుగెత్తగల వేగంలో, రెండు గంటలు పరుగెత్తినా హెచ్‌ఆర్‌వి నిమిషాల్లోనే తేరుకుంది. అవధి దాటిన వ్యాయామం తర్వాత ఆలస్యమైంది. స్టాన్లీ, పీక్, బుషైట్ 2013లో రాసిన సమీక్ష ప్రకారం, పరసహానుభూత వ్యవస్థ పూర్తిగా కోలుకోవడానికి తేలికపాటి వ్యాయామం తర్వాత 24 గంటల దాకా, అవధి స్థాయి వ్యాయామం తర్వాత 24 నుంచి 48 గంటలు, అతి తీవ్ర వ్యాయామం తర్వాత కనీసం 48 గంటలు పడుతుంది. శిక్షణలో ఉదయపు కొలతకున్న విలువ ఇక్కడి నుంచే వచ్చింది.

చరిత్ర

శ్వాసతోపాటు నాడి, రక్తపోటు మారతాయని ఇంగ్లండ్ మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ గుర్రాల మీద చేసిన ప్రయోగాల్లో గమనించి 1733లో రాశాడు. 1847లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ తాను రూపొందించిన కైమోగ్రాఫ్‌తో ఆ మార్పును కాగితం మీద నమోదు చేశాడు. వైద్యంలో దీని ప్రయోజనం ఒక శతాబ్దం తర్వాత బయటపడింది. గర్భస్థ శిశువు ఇబ్బందిలో పడినప్పుడు గుండె వేగం మారకముందే చప్పుళ్ల మధ్య వ్యవధులు మారతాయని 1965లో హాన్, లీ చెప్పారు. దాదాపు అదే కాలంలో సోవియట్ అంతరిక్ష వైద్యంలో రోమన్ బయెవ్‌స్కీ ఈ కొలతను వ్యోమగాముల పరిశీలనకు వాడాడు. 1987లో క్లైగర్ బృందం గుండెపోటు నుంచి బయటపడిన 808 మందిని పరిశీలించింది. 24 గంటల రికార్డింగులో వ్యవధుల క్రమవిచలనం 50 మిల్లీసెకన్ల లోపు ఉన్నవారికి, 100 దాటినవారితో పోలిస్తే మరణ ప్రమాదం 5.3 రెట్లని తేలింది. 1996లో ఐరోపా, ఉత్తర అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కలిసి కొలమానాలకు ప్రమాణాలు నిర్ణయించాయి.

క్రీడల్లోకి ఈ కొలత రావడానికి దారి వేసింది ఫిన్లండ్. ఊలు విశ్వవిద్యాలయానికి చెందిన సెప్పో సైనాయకంగస్ 1977లో పోలార్ సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ 1982లో ఛాతీ పట్టీ నుంచి చేతి గడియారానికి తీగ లేకుండా గుండె వేగాన్ని పంపే పరికరాన్ని తెచ్చింది. తర్వాతి దశకంలో ఒక్కో చప్పుడు వ్యవధిని నమోదు చేసే గడియారాలు వచ్చాయి. దాంతో ఆసుపత్రి ఈసీజీ యంత్రం అక్కర్లేకుండా రన్నరు ఇంట్లోనే కొలుచుకునే వీలు కలిగింది.

కొలమానాలు

హెచ్‌ఆర్‌విని లెక్కించే సూత్రాలు చాలా ఉన్నా, పరుగు శిక్షణలో నిలిచింది ప్రధానంగా ఒకటి: ఆర్‌ఎంఎస్‌ఎస్‌డి. ఇది పక్కపక్క వ్యవధుల మధ్య తేడాలను వర్గం చేసి, వాటి సగటుకు వర్గమూలం తీస్తే వచ్చే విలువ. ఉదాహరణకు నాలుగు వ్యవధులు 1,000, 1,040, 990, 1,030 మిల్లీసెకన్లు అనుకుందాం. తేడాలు 40, 50, 40. వాటి వర్గాల మొత్తం 5,700, సగటు 1,900, వర్గమూలం సుమారు 44 మిల్లీసెకన్లు. ఈ విలువ ఎక్కువగా వేగస్ ప్రభావాన్నే చూపుతుంది, ఒకటి రెండు నిమిషాల రికార్డింగు నుంచి కూడా లెక్కకు అందుతుంది. విలువలు ఒక పక్కకు సాగిపోయే స్వభావం ఉన్నందువల్ల పరిశోధకులు దాని సహజ సంవర్గమానాన్ని తీసుకుంటారు. 44 మిల్లీసెకన్లకు అది సుమారు 3.78.

వ్యవధులన్నిటి క్రమవిచలనమైన ఎస్‌డీఎన్‌ఎన్ రెండు నాడీ భాగాల ప్రభావాన్నీ కలిపి చూపుతుంది. రికార్డింగు నిడివి మారితే విలువా మారుతుంది. పౌనఃపున్య విశ్లేషణలో 0.15 నుంచి 0.40 హెర్ట్జ్ వరకు ఉన్న అధిక పౌనఃపున్య భాగం శ్వాసతో ముడిపడిన వేగస్ పనిని చూపుతుంది. అల్ప, అధిక పౌనఃపున్యాల నిష్పత్తి రెండు నాడీ భాగాల మధ్య సమతూకాన్ని చెబుతుందన్న పాత అభిప్రాయాన్ని నేడు చాలామంది శాస్త్రవేత్తలు అంగీకరించరు.

వ్యక్తికీ వ్యక్తికీ మధ్య తేడా చాలా పెద్దది. ఆరోగ్యవంతులైన పెద్దలపై జరిగిన అధ్యయనాలను నూనన్ బృందం 2010లో సమీక్షించినప్పుడు, స్వల్పకాల ఆర్‌ఎంఎస్‌ఎస్‌డి సగటు 42 మిల్లీసెకన్లని, ఒక్కో అధ్యయనంలో అది 19 నుంచి 75 దాకా ఉందని తేలింది. వయసుతో విలువ తగ్గుతుంది, వంశపారంపర్య ప్రభావమూ ఉంది. కాబట్టి 35 ఉన్న రన్నరు 80 ఉన్న రన్నరు కంటే బలహీనుడని అనుకోవడానికి వీల్లేదు. ఎవరి విలువను వారి పాత విలువలతోనే పోల్చాలి.

కొలిచే తీరు

నిద్ర లేచి, మూత్రవిసర్జన అయ్యాక, కాఫీ తాగకముందు, ఫోన్‌లో సందేశాలు చూడకముందు కొలవడం ఆనవాయితీ. పడుకునైనా, కూర్చునైనా, నిలబడైనా కొలవవచ్చు, కాని రోజూ అదే భంగిమలో కొలవాలి. గుండె కుదుటపడడానికి ఒక నిమిషం ఆగి, తర్వాత ఒకటి నుంచి ఐదు నిమిషాలు రికార్డు చేస్తారు. ఊపిరి మామూలుగా తీసుకోవాలి. ప్రాణాయామంలో లాగా నిమిషానికి ఆరుసార్లు నిదానంగా శ్వాసిస్తూ కొలిస్తే గుండె లయలోని ఊపు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరుగుదల శ్వాస వల్ల వచ్చినదే తప్ప కోలుకోవడం వల్ల వచ్చినది కాదు.

ఒక్క రోజు విలువకు ప్రాధాన్యం తక్కువ. న్యూజిలాండ్ శాస్త్రవేత్త డేనియల్ ప్లూస్, సహచరులు ప్రపంచస్థాయి క్రీడాకారులపై చేసిన పనిలో ఏడు రోజుల చలిత సగటు మంచి సూచిక అని తేలింది. వారానికి కనీసం మూడు సరైన కొలతలు ఉండాలని వారు సూచించారు. సగటుతోపాటు రోజువారీ విలువలు ఎంత చెదిరాయో చెప్పే విచలన గుణకాన్నీ చూస్తారు.

నిర్ణయం తీసుకునే పద్ధతి

మొదట మూడు నాలుగు వారాలు మామూలు శిక్షణ చేస్తూ రోజూ కొలిచి, ఆధార స్థాయిని నిర్ణయిస్తారు. ఆ విలువల సగటుకు అటూ ఇటూ సగం క్రమవిచలనం చొప్పున గీతలు గీస్తే ఆ వ్యక్తి సాధారణ పరిధి వస్తుంది. ఉదాహరణకు సంవర్గమాన విలువల సగటు 4.00, క్రమవిచలనం 0.20 అయితే పరిధి 3.90 నుంచి 4.10, అంటే సుమారు 49 నుంచి 60 మిల్లీసెకన్లు. ఏడు రోజుల సగటు ఈ పరిధిలో ఉన్నంతకాలం ఇంటర్వెల్స్, టెంపో వంటి తీవ్రమైన పరుగులు చేయవచ్చు. సగటు 3.84కు, అంటే 47 మిల్లీసెకన్ల దగ్గరకు జారితే, తిరిగి పరిధిలోకి వచ్చేదాకా తేలిక పరుగో విశ్రాంతో తీసుకుంటారు. పరిధికి పైన పోయినా కొన్ని ప్రయోగాల్లో తీవ్రత తగ్గించారు. అసాధారణంగా పెరగడం కూడా శరీరం ఒత్తిడిలో ఉందనడానికి గుర్తు కావచ్చన్నది అందుకు కారణం.

హెచ్‌ఆర్‌వి బాగున్నంత మాత్రాన రోజూ ఇంటర్వెల్స్ చేయమని అర్థం కాదు. వారంలో తీవ్ర పరుగులు ఎన్ని ఉండాలి, లాంగ్ రన్ ఎంత ఉండాలి, పోటీకి ముందు పని ఎప్పుడు తగ్గించాలి అన్నవి కోచ్ వేసే ప్రణాళికలోనివి. ఆ ప్రణాళికలో కష్టమైన రోజులను ముందుకూ వెనక్కూ జరపడం దాకానే ఈ కొలత పని.

ప్రయోగాల ఫలితాలు

తొలి ప్రయోగాన్ని ఊలుకు చెందిన అంట్టి కివినియెమి బృందం 2007లో ప్రచురించింది. మోస్తరు దారుఢ్యం ఉన్న 26 మంది పురుషులను మూడు బృందాలుగా విడదీసి నాలుగు వారాలు పరిశీలించారు. ఒక బృందం ముందే రాసిన షెడ్యూలు ప్రకారం పరుగెత్తింది. రెండో బృందంలో ఉదయపు హెచ్‌ఆర్‌వి తగ్గితే తేలిక పరుగు లేదా విశ్రాంతి, తగ్గకపోతే తీవ్రమైన పరుగు. మూడో బృందం శిక్షణ లేకుండా పోలికకు నిలిచింది. షెడ్యూలు బృందం గరిష్ఠ వేగం గంటకు 15.1 నుంచి 15.7 కిలోమీటర్లకు పెరిగినా, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. హెచ్‌ఆర్‌వి బృందం వేగం 15.5 నుంచి 16.4కు, ఆక్సిజన్ వినియోగం శరీర బరువు కిలోకు నిమిషానికి 56 నుంచి 60 మిల్లీలీటర్లకు పెరిగింది. అదే బృందం 2010లో మహిళలను కూడా చేర్చి చేసిన అధ్యయనంలో, ఈ పద్ధతి పాటించిన మహిళలు తక్కువ తీవ్ర శిక్షణతోనే షెడ్యూలు బృందంతో సమానమైన దారుఢ్యం సాధించారు.

విల్లె వెస్టెరినెన్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 40 మంది అభిరుచి రన్నర్లు పాల్గొన్నారు. ఎనిమిది వారాల తీవ్ర దశలో హెచ్‌ఆర్‌వి బృందం సగటున 13.2 మోస్తరు, తీవ్ర సెషన్లు చేయగా, సంప్రదాయ బృందం 17.7 చేసింది. అయినా 3,000 మీటర్ల పరుగు వేగం మొదటి బృందంలో 2.1 శాతం మెరుగైంది. రెండో బృందంలో 1.1 శాతమే, అది గణాంకపరంగా లెక్కకు రాలేదు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం మాత్రం రెండు బృందాల్లోనూ పెరిగింది. తక్కువ కష్టంతో అంతకు తగ్గని ఫలితం రావడం ఈ రంగంలో మళ్లీ మళ్లీ కనిపించే విషయం.

2022లో ఒల్లి-పెక్కా నూట్టిలా బృందం ఒక అడుగు ముందుకు వేసింది. రాత్రి నిద్రలో నమోదైన హెచ్‌ఆర్‌వితోపాటు, రన్నరు స్వయంగా చెప్పే అలసట, మామూలు పరుగులో వేగానికీ గుండె వేగానికీ ఉన్న సంబంధం అనే మూడింటినీ కలిపి వారానికి రెండుసార్లు శిక్షణ భారాన్ని సవరించింది. 10 కిలోమీటర్ల పరుగు సమయం ఆ బృందంలో 6.2 శాతం, ముందే నిర్ణయించిన శిక్షణ బృందంలో 2.9 శాతం తగ్గింది.

ఇటువంటి అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలు అంత ఉత్సాహం చూపవు. సగటున లాభం ఉన్నా అది చిన్నది, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగంలో తేడా చాలాసార్లు తేలదు. శిక్షణకు స్పందించని వారి సంఖ్యను తగ్గించడంలో ఈ పద్ధతి మెరుగ్గా ఉండవచ్చన్నది వాటి నుంచి తీసుకోదగ్గ ముఖ్యమైన విషయం.

తప్పుదోవ పట్టించే సందర్భాలు

హెచ్‌ఆర్‌వి పెరిగితే మంచిది, తగ్గితే చెడ్డది అన్న సూత్రం చాలాచోట్ల తప్పుతుంది. ఫ్రాన్స్‌లో యాన్ ల మర్ బృందం 2013లో ట్రయాథ్లెట్లకు మూడు వారాలు మితిమీరిన శిక్షణ ఇచ్చి చూసినప్పుడు, అలసిపోయి వేగం కోల్పోయినవారిలో వారం సగటు హెచ్‌ఆర్‌వి పెరిగింది. పరసహానుభూత వ్యవస్థ అతిగా పనిచేయడం దానికి కారణం. అటువంటప్పుడు అంకెను మాత్రమే చూసే రన్నరు పచ్చజెండా ఊపుకుని మరింత అలసట కొనితెచ్చుకుంటాడు. కాళ్ల బరువు, నిద్ర, ఉత్సాహం, మామూలు వేగంలో గుండె వేగం కూడా చూస్తేనే ఈ పెరుగుదలకు అర్థం తెలుస్తుంది.

గుండె వేగం బాగా తక్కువగా ఉండే అగ్రశ్రేణి రన్నర్లలో దీనికి విరుద్ధమైన చిక్కు వస్తుంది. వేగస్ ప్రభావం గరిష్ఠానికి చేరితే దానిలోని ఎగుడుదిగుడు సమసిపోయి, కోలుకున్న శరీరంలో కూడా హెచ్‌ఆర్‌వి తక్కువగా కనిపిస్తుంది. దీన్ని పరసహానుభూత సంతృప్తత అంటారు. అటువంటివారు పడుకుని కాకుండా కూర్చునో నిలబడో కొలిస్తే చిక్కు కొంత తీరుతుంది. పోటీకి ముందు శిక్షణ తగ్గించిన రోజుల్లోనూ అగ్రశ్రేణి క్రీడాకారుల విలువ కాస్త దిగవచ్చు. ఆ దిగుడును చూసి పోటీ పాడవుతుందని భయపడనక్కర్లేదు.

మద్యం, నిద్రలేమి, జ్వరం, విమాన ప్రయాణం, ఎత్తైన ప్రదేశాలకు వెళ్లడం, మనసులోని ఆందోళన హెచ్‌ఆర్‌విని తగ్గిస్తాయి. స్త్రీలలో రుతుచక్రం రెండో సగంలో విలువ కొద్దిగా తగ్గుతుంది కాబట్టి, ఆధార స్థాయిని కనీసం ఒక పూర్తి చక్రం మీద లెక్కించడం మేలు. ఎండ ప్రభావం రెండు దశల్లో ఉంటుంది. మొదట ఒంట్లో నీరు తగ్గడం వల్ల విలువ పడిపోతుంది. వేడికి అలవాటుపడి రక్తంలో ప్లాస్మా పెరిగాక తేరుకుంటుంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది కాబట్టి దానికి సాధన మే, జూన్ నెలల్లోనే మొదలవుతుంది. చలికాలంలో లెక్కించుకున్న ఆధార స్థాయితో ఆ నెలల అంకెలను పోల్చితే శిక్షణ చెడిందన్న తప్పు నిర్ణయానికి రావచ్చు. వాతావరణం మారినప్పుడు ఆధార స్థాయిని కొత్తగా లెక్కించుకోవాలి.

లయ తప్పిన చప్పుళ్లు మరో పెద్ద లోపం. 1,000 మిల్లీసెకన్ల వ్యవధుల మధ్య ఒక అకాల స్పందన వచ్చి 600, ఆ వెంటనే 1,400 నమోదైతే తేడాలు 400, 800, 400 అవుతాయి. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డి 44గా ఉండాల్సిన 60 వ్యవధుల రికార్డింగులో ఇటువంటి ఒక్క చప్పుడు చేరితే విలువ సుమారు 134కు ఎగబాకుతుంది. మంచి యాప్‌లు ఇటువంటి చప్పుళ్లను గుర్తించి తీసివేస్తాయి. లయ తరచుగా తప్పుతుంటే, లేదా కర్ణికల కంపనం ఉంటే, ఈ అంకెలు శిక్షణకు పనికిరావు. అది హృద్రోగ నిపుణుడు చూడవలసిన విషయం.

పరికరాలు

ఈసీజీ తర్వాత ఎక్కువ నమ్మదగింది ఛాతీ పట్టీ. ఫోన్ కెమెరా మీద వేలు ఆనించి రక్తప్రవాహపు మార్పును కాంతితో చదివే పద్ధతిని ప్లూస్, మార్కో అల్టీని తదితరులు 2017లో ఛాతీ పట్టీతో, ఈసీజీతో పోల్చారు. కదలకుండా కొలిచినప్పుడు మూడింటి ఫలితాలు చక్కగా సరిపోలాయి. గార్మిన్ గడియారాలు, ఫిన్లండ్‌లో పుట్టిన ఔరా ఉంగరం, బెంగళూరు సంస్థ అల్ట్రాహ్యూమన్ ఉంగరం వంటివి రాత్రి నిద్రలో కొలుస్తాయి. దీనివల్ల రోజూ గుర్తుపెట్టుకుని కొలిచే శ్రమ తప్పుతుంది. అయితే రాత్రి ఆలస్యంగా చేసిన భోజనం, సాయంత్రపు పరుగు ప్రభావం ఆ విలువలో ఎక్కువగా ఉంటాయి. ఆపిల్ వాచ్ చూపేది ఎస్‌డీఎన్‌ఎన్ కాగా, మిగతావి సాధారణంగా ఆర్‌ఎంఎస్‌ఎస్‌డిని చూపుతాయి. ఒక పరికరపు అంకెను మరో పరికరపు అంకెతో పోల్చకూడదు. పరికరాలు ఇచ్చే ‘రెడీనెస్’ మార్కుల్లో నిద్ర, ముందురోజు శ్రమ వంటివి ఒక్కో సంస్థ ఒక్కో సూత్రంతో కలుపుతుంది. ఆ మార్కు కంటే అసలు హెచ్‌ఆర్‌వి విలువను చూసుకోవడమే మేలు.

పరుగు సాగుతుండగా కొలత

తీవ్రత పెరిగేకొద్దీ ఆర్‌ఎంఎస్‌ఎస్‌డి దాదాపు సున్నాకు చేరుతుంది కాబట్టి పరుగు మధ్యలో అది పెద్దగా ఉపయోగపడదు. వ్యవధుల వరుసలో ఎంత క్రమం ఉందో చెప్పే డీఎఫ్‌ఏ ఆల్ఫా-1 అనే కొలమానాన్ని అందుకు పరిశీలిస్తున్నారు. తేలిక పరుగులో 1 దగ్గర ఉండే ఈ విలువ తీవ్రతతో తగ్గుతుంది. సుమారు 0.75 దగ్గర మొదటి శ్వాస అవధి, 0.5 దగ్గర అంతకంటే తీవ్రమైన రెండో అవధి వస్తాయని 2021లో బ్రూస్ రోజర్స్, థామస్ గ్రోన్‌వాల్డ్ బృందం సూచించింది. రక్తంలో లాక్టేట్ పరీక్ష లేకుండానే తేలిక పరుగు పైవేగాన్ని గుర్తించవచ్చన్న ఆశ దీనివల్ల కలిగింది. అయితే ఛాతీ పట్టీ సంకేతంలో చిన్న దోషమున్నా విలువ మారిపోవడం, వ్యక్తుల మధ్య తేడాలు దీన్ని ఇంకా ప్రయోగ దశలోనే ఉంచాయి.

పరిమితులు, నేటి స్థితి

ఇప్పటివరకు జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం 50 మందికి లోపు వారితో, కొన్ని వారాల పాటు జరిగినవి. అవి ఎక్కువగా అభిరుచి రన్నర్లపైనే దృష్టి పెట్టాయి; అగ్రశ్రేణి మారథాన్ రన్నర్ల మీద సాక్ష్యం తక్కువ. హెచ్‌ఆర్‌వి గుండె, నాడుల స్థితిని చెబుతుందే కాని కండరాల, ఎముకల, స్నాయువుల స్థితిని చెప్పదు. పిక్క స్నాయువు మంట, పాదపు ఎముకలో ఒత్తిడి పగులు ఉన్న రన్నరు విలువ చక్కగా పరిధిలోనే ఉండవచ్చు. అతిశిక్షణ లక్షణ సముదాయాన్ని నిర్ధారించగల ఒకే కొలత ఏదీ లేదని ఐరోపా, అమెరికా క్రీడా వైద్య సంస్థలు 2013లో ఉమ్మడిగా ప్రకటించాయి. హెచ్‌ఆర్‌వి కూడా దానికి మినహాయింపు కాదు.

అందువల్ల పరిశోధన నేడు ఒకే అంకెను వెంబడించడం మాని, హెచ్‌ఆర్‌విని రన్నరు సొంత అనుభూతితో, పరుగు వేగంతో కలిపి చదివే దిశగా సాగుతోంది. కొత్తగా మొదలుపెట్టేవారికి షెడ్యూలును క్రమంగా పాటించడం, చాలా పరుగులను తేలికగా ఉంచడం ఈ కొలత కంటే ముందు రావాలి. ఆ పునాది పడ్డాక, వారానికి రెండు మూడు తీవ్ర సెషన్లు చేసే రన్నరుకు హెచ్‌ఆర్‌వి ఎక్కువగా పనికొచ్చేది ఒక్క చోటే: చేయాలనిపించినా చేయకూడని రోజును ముందుగా గుర్తించి, ఇంటర్వెల్స్‌ను మరుసటి రోజుకో ఆపై రోజుకో వాయిదా వేయడానికి.